సాక్ష్యం లేదనే సాకు

యుద్ధమన్నాక ఇలాంటివి తప్పవు. ఆడవాళ్లు నోరు విప్పరు. విప్పినా రుజువులుండవు. కాబట్టి చట్టం చేయగలిగిందేమీ లేదు.

బోస్నియా గురించి మాట్లాడినా, కాంగో గురించి మాట్లాడినా, మణిపూర్ గురించి మాట్లాడినా సంభాషణ చివరికి ఈ నాలుగు వాక్యాల దగ్గరే ఆగిపోతుంది. రిటైరైన పోలీసు అధికారులు అంటారు, కాలమిస్టులు అంటారు, స్త్రీల పక్షాన నిలబడే మంచివాళ్లు కూడా నిట్టూర్చి అదే అంటారు. నేరాన్ని ఎవరూ సమర్థించరు. అందుకే ఈ వాదం ఇంతకాలంగా ఎదురు లేకుండా చెలామణీ అవుతోంది. పైకి విచారంలా వినిపిస్తుంది గానీ, పని ఎగ్గొట్టినవాడికి ఇంతకంటే మంచి రక్షణ ఇంకొకటి దొరకదు.

గత ముప్పై ఏళ్లలో ఈ నేరాల మీద నడిచిన కేసుల రికార్డు చదివితే తేలేది వేరే సంగతి. చాలా కేసులు పోలీసు స్టేషన్లో, దర్యాప్తు అధికారి బల్ల మీద, అభియోగపత్రం రాసే గదిలోనే చచ్చిపోతున్నాయి. ఆ నెపం యుద్ధం మీదికీ, బాధితురాలి మౌనం మీదికీ నెట్టేయడం మనకు అలవాటైంది.

‘తప్పవు’ అన్న మాట మీద ఎక్కువసేపు నిలవక్కర్లేదు. నిజంగా తప్పనిదైతే అన్ని యుద్ధాల్లో, అన్ని సేనల్లో ఒకేలా ఉండాలి కదా. 1980 నుంచి 2009 దాకా జరిగిన 86 అంతర్యుద్ధాలను డారా కే కోహెన్ అనే పరిశోధకురాలు పోల్చి చూశారు. కొన్నింటిలో అత్యాచారాలకు అంతు లేదు, కొన్నింటిలో ఆ ఊసే దాదాపు వినబడదు. ఎలిజబెత్ జీన్ వుడ్ ఇదే సంగతిని ఎల్టీటీఈ ఉదాహరణతో చెప్పారు. 1990 అక్టోబర్‌లో ఆ సంస్థ ఉత్తర శ్రీలంక ముస్లింలను కట్టుబట్టలతో వెళ్లగొట్టింది. దాని క్రూరత్వం గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. అంతటి సంస్థలోనూ పౌర స్త్రీల మీద లైంగిక దాడులు అరుదు, ఎందుకంటే పై నుంచి ఒప్పుకోలేదు. అడవిలో తుపాకీ పట్టుకున్న ఒక మగవాడు చేసి, మరో మగవాడు చేయకపోతే, మధ్యలో ఉన్నది ఆజ్ఞ, క్రమశిక్షణ, లేదా చూసీ చూడనట్టు పోయిన అధికారి. ఇవన్నీ మనుషులు తీసుకున్న నిర్ణయాలు. నిర్ణయం తీసుకున్నవాణ్ని బోనెక్కించవచ్చు. అమెరికా అంతర్యుద్ధంలో లింకన్ ప్రభుత్వం 1863లో సైన్యానికిచ్చిన లీబర్ నిబంధనల్లోనే అత్యాచారానికి మరణశిక్ష అని రాసి ఉంది. అంటే ఇది నేరమని సైన్యాలకు నిన్న మొన్న తెలిసింది కాదు.

తెలిసినా ఎవరి కోసం కదిలారన్నదే అసలు ప్రశ్న. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్ చార్టర్‌లో అత్యాచారమన్న నేరం పేరే లేదు. జపాన్ సైన్యం ఆసియా అంతటా నడిపిన వేశ్యాగృహాల సంగతి టోక్యో విచారణలో ప్రత్యేక అభియోగంగా రాలేదు. అదే సమయంలో, 1948లో, బటావియాలోని డచ్ సైనిక కోర్టు జావాలో డచ్చి స్త్రీలను ఆ గృహాల్లోకి బలవంతంగా నెట్టిన జపాన్ అధికారులను శిక్షించింది, ఒకరికి మరణశిక్ష కూడా వేసింది. అదే ద్వీపంలో అదే గతి పట్టిన ఇండోనేషియా స్త్రీల కోసం అలాంటి కేసు నడవలేదు. తెల్లవాళ్ల విషయంలో దొరికిన సాక్ష్యం నల్లవాళ్ల విషయంలో ఎందుకు దొరకలేదో ‘రుజువులుండవు’ అనే పెద్దలు చెప్పాలి.

నోరు విప్పరన్న మాటకు జవాబు రువాండాలో ఉంది. దాన్ని కాస్త నింపాదిగా చూడాలి.

1994 మారణహోమం తర్వాత ఐక్యరాజ్యసమితి టాంజానియాలోని అరూషాలో ట్రిబ్యునల్ పెట్టింది. తాబా అనే కమ్యూన్‌కు మేయర్‌గా ఉన్న జాన్ పాల్ అకయేసు మీద 1996 ఫిబ్రవరిలో అభియోగపత్రం దాఖలైంది. హత్యలున్నాయి, చిత్రహింసలున్నాయి. లైంగిక నేరం ఒక్కటీ లేదు. ఎవరికీ తెలియక కాదు. ఆ ఏడాది జనవరిలోనే ఐరాస ప్రత్యేక ప్రతినిధి రెనే దెన్యీ-సెగీ తన నివేదికలో, ఆ మారణహోమంలో అత్యాచారం జరగడమే రివాజు, జరగకపోవడమే మినహాయింపు అన్నంత స్పష్టంగా రాశారు. 1997 జనవరిలో విచారణ మొదలైంది. ‘జె’ అనే అక్షరంతో మాత్రమే రికార్డుల్లో ఉన్న ఒక టుట్సీ తల్లి సాక్ష్యం చెబుతూ, తన ఆరేళ్ల కూతుర్ని ముగ్గురు మిలీషియా మనుషులు చెరిచారని చెప్పింది. అభియోగపత్రంలో ఆ ప్రస్తావనే లేదు. ప్రాసిక్యూషన్ అడుగుతున్న నేరాల్లో అది లేదు కాబట్టి న్యాయమూర్తులు ‘అప్రస్తుతం’ అని పక్కన పెట్టి ఉండవచ్చు. వాళ్లు ఆ పని చేయలేదు, ఇంకా అడిగారు. ముగ్గురు సభ్యుల ధర్మాసనంలో ఉన్న ఒకే ఒక్క మహిళ నవనీతం పిళ్లై, దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో తమిళ కుటుంబంలో పుట్టినామె. అడిగినకొద్దీ కమ్యూన్ కార్యాలయంలో కూడా ఇవి జరిగాయని బయటికొచ్చింది. తర్వాత వచ్చిన ‘హెచ్’ అనే సాక్షి తన మీద జరిగిందీ, కళ్లారా చూసిందీ చెప్పింది. ప్రాణభయంతో మేయర్ ఆఫీసు ఆవరణలో తలదాచుకున్న స్త్రీలను అక్కడే చెరిచారు.

విచారణ ఆగింది. మళ్లీ దర్యాప్తు జరిగింది. 1997 జూన్‌లో అభియోగపత్రం మార్చారు. ఇంతకుముందు ఈ సాక్ష్యం ఎందుకు రాలేదన్న ప్రశ్నకు ప్రాసిక్యూషన్ రెండు కారణాలు ఒప్పుకుంది: ఇలాంటి నేరాలకు అంటుకుని ఉండే సిగ్గు ఒకటి, దర్యాప్తు చేసినవాళ్ల మొద్దుతనం రెండోది. మొదటి కారణం మనకందరికీ కంఠతా వచ్చు. రెండోదాన్ని ఎవరూ ఉటంకించరు. 1998 సెప్టెంబర్ 2న వచ్చిన తీర్పులో, ఒక జాతిని తుడిచిపెట్టే ఉద్దేశంతో చేసినప్పుడు అత్యాచారం కూడా జాతిహననమేనని ఒక అంతర్జాతీయ న్యాయస్థానం మొదటిసారి తేల్చింది. 1996లో లేని సాక్ష్యం 1997లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆ స్త్రీలు వాళ్లే, ఆ ఊరు అదే. మారింది అడిగిన మనిషి.

ఇక రుజువు. ఈ మాట వినగానే మన బుర్రల్లో మెదిలేది సినిమా కోర్టు: డాక్టరు సర్టిఫికెట్టు, చిరిగిన బట్ట, డీఎన్ఏ రిపోర్టు. దాడి జరిగిన కొన్ని నెలలకో, ఏళ్లకో వైద్యుణ్ని చూడగలిగే స్త్రీ దగ్గర ఇవేవీ ఉండవు. పూర్వపు యుగోస్లావియా ట్రిబ్యునల్ రాసుకున్న నిబంధనల్లో 96వది ఈ చిక్కును సూటిగా తేల్చేసింది. లైంగిక నేరంలో బాధితురాలి సాక్ష్యానికి వేరే బలపరిచే సాక్ష్యం తప్పనిసరి కాదు. నిర్బంధంలో, బెదిరింపుల మధ్య ఉన్న మనిషి ‘ఒప్పుకుంది’ అనే వాదన చెల్లదు. ఆమె పూర్వ జీవితం కోర్టుకు అనవసరం. అంతే.

అదే ట్రిబ్యునల్ ముందుకొచ్చిన ఫురుంజియా కేసులో ప్రతివాద న్యాయవాదులు మరో దారి పట్టారు. ‘ఎ’ అనే సాక్షి మానసిక ఆఘాతానికి చికిత్స తీసుకుందనీ, కాబట్టి ఆమె జ్ఞాపకాన్ని నమ్మలేమనీ వాదించారు. ఆ వాదన కోసం ముగిసిన విచారణను మళ్లీ తెరిచారు, నిపుణులను పిలిచారు. ఆఘాతానికి గురైన మనిషి నమ్మదగిన సాక్షి కాకూడదనేమీ లేదని 1998 డిసెంబర్ 10న కోర్టు తేల్చింది. దాడి వల్ల కలిగిన గాయాన్ని చూపించి దాడి జరగలేదనడం ఎంత తెలివైన వాదనో చూడండి. మన సెషన్స్ కోర్టుల్లో ఇది రోజూ వినిపించేదే.

ఫోచా కేసు ఇంకా నేర్పుతుంది. బోస్నియాలో డ్రినా నది ఒడ్డు పట్టణం. 1992లో సెర్బ్ బలగాలు అక్కడి ముస్లిం స్త్రీలను, పన్నెండేళ్ల పిల్లలతో సహా, హైస్కూల్లో, పార్టిజాన్ అనే క్రీడా మందిరంలో, కొన్ని ఇళ్లలో నెలల తరబడి బంధించాయి. ప్రాసిక్యూషన్ చేసిన పని వినడానికి చప్పగా ఉంటుంది: ఒక్కొక్కరి దగ్గర కూర్చుని చోట్లు, పేర్లు, తేదీలు, ఇంటి నంబర్లు రాసుకోవడం. ఆ తర్వాత వాటిని పక్కపక్కన పెట్టడం. ఉస్మాన్ జికిచ్ వీధిలోని 16వ నంబరు ఇల్లు ఒకరి నోట కాక పలువురి నోట వచ్చినప్పుడు, అదే నిందితుల్లో ఒకడైన కునారాత్స్ మకాం అని తేలినప్పుడు, ఇక ‘ఆమె మాట, అతని మాట’ అనే తూకం మిగలదు. కునారాత్స్ ఒక అమ్మాయి తనంతట తానే తన మీదికొచ్చిందని కూడా వాదించాడు. మా కమాండర్ను సంతోషపెట్టకపోతే చంపేస్తానని వేరే సైనికుడు అంతకుముందే ఆమెను బెదిరించాడని కోర్టు ముందు రుజువైంది. 2001 ఫిబ్రవరి 22న ముగ్గురికి 28, 20, 12 ఏళ్ల శిక్షలు పడ్డాయి. లైంగిక నిర్బంధాన్ని మానవత్వంపై నేరంగా, బానిసత్వంగా ఆ తీర్పు గుర్తించింది. ఆ ట్రిబ్యునల్ మొత్తం 161 మంది మీద అభియోగాలు మోపితే, దాదాపు సగం మంది మీద లైంగిక నేరాలున్నాయి. రుజువు దొరకని నేరానికి ఇంతమంది నిందితులెలా తేలారు?

హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు మనకు ఇంతకంటే సూటి ఉదాహరణ ఇచ్చింది. కాంగోలోని ఇటూరి జిల్లాలో 2002, 2003ల్లో జరిగిన యుద్ధం. ఒకే సాయుధ సంస్థ. దాని అధినేత థామస్ లుబాంగా, దాని సైనికాధికారుల్లో ఒకడు బోస్కో ఎన్‌టగాండా. లుబాంగా కేసులో మొదటి ప్రాసిక్యూటర్ లూయిస్ మొరేనో ఒకాంపో పిల్లలను సైన్యంలో చేర్చుకున్న నేరం ఒక్కటే పెట్టారు. ఆ పిల్లల్లో ఆడపిల్లలను ఏం చేశారో సాక్షులు కోర్టులోనే చెప్పారు. అభియోగం లేదు కాబట్టి శిక్షా లేదు. అభియోగపత్రం సవరించమని అడగనైనా అడగని ప్రాసిక్యూటర్‌ను 2012లో శిక్ష ఖరారు చేస్తూ న్యాయమూర్తులే గట్టిగా తప్పుబట్టారు. ఎన్‌టగాండా మీద 2006లో వచ్చిన వారెంటులోనూ లైంగిక నేరాలు లేవు.  2012 జులైలో వచ్చిన రెండో వారెంటులో అవి చేరాయి. 2019లో అతను అత్యాచారం, లైంగిక బానిసత్వం సహా మొత్తం 18 అభియోగాల్లో దోషిగా తేలాడు. తన సొంత సైన్యంలోని ఆడపిల్లల మీద జరిగినవి కూడా అందులో ఉన్నాయి. 30 ఏళ్ల శిక్ష. యుద్ధం అదే, సంస్థ అదే, కోర్టు అదే. ‘ఈ నేరాల స్వభావమే అలాంటిది’ అనేవాళ్లు ఈ రెండు కేసులనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

అన్నీ గెలిచిన కథలే ఏరి చెబుతున్నానని అనుకోవచ్చు. ఓడినవీ ఉన్నాయి. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో తన సైనికులు చేసిన అత్యాచారాలకు జాన్-పియెర్ బెంబా అనే కమాండర్‌కు 2016లో 18 ఏళ్లు పడితే, 2018లో అప్పీలు ధర్మాసనం 3-2 మెజారిటీతో విడుదల చేసింది. ఆ కేసులో 5,229 మంది బాధితులుగా చేరారు. అత్యాచారాలు జరగలేదని అప్పీలు కోర్టు అనలేదు. దూరాన ఉన్న కమాండర్ ఏ మేరకు చర్యలు తీసుకోగలిగేవాడన్న చోట తీర్పు తిరగబడింది. నాకు ఆ తీర్పు మింగుడుపడలేదు. కానీ అది కూడా బాధితుల మౌనం వల్ల పోయిన కేసు కాదు.

ఇప్పుడు మన ఊరి సంగతి. 2007 ఆగస్టు 20 తెల్లవారుజామున విశాఖ మన్యంలో జి.మాడుగుల మండలం వాకపల్లికి మావోయిస్టుల కోసం గాలిస్తూ రాష్ట్ర పోలీసుల గ్రేహౌండ్స్ దళం వెళ్లింది. తమపై సామూహిక అత్యాచారం జరిగిందని 11 మంది కోందు గిరిజన స్త్రీలు ఫిర్యాదు చేశారు. వీళ్లు నోరు విప్పని స్త్రీలా? కొండ దిగి వచ్చి చెప్పారు, అధికారుల ముందు చెప్పారు, ఏళ్ల తర్వాత కోర్టులో మళ్లీ చెప్పారు. ‘అన్నలు నేర్పిన మాటలు’ అని అప్పుడే కొట్టిపారేశారు. కేసు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లొచ్చింది. విచారణ జరపాల్సిందేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పాకే ముందుకు కదిలింది. 2023 ఏప్రిల్ 6న విశాఖలోని ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. చట్టం దృష్టిలో వాళ్లు నిర్దోషులే, నేను వాళ్లకు తీర్పు చెప్పడం లేదు. ఆ తీర్పులో మిగిలిన భాగం చూడమంటున్నాను. దర్యాప్తు సరిగ్గా జరగలేదని, గుర్తింపు పరేడ్ పెట్టలేదని కోర్టే ఎత్తిచూపింది. ఆ స్త్రీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇప్పించమంది.

గుర్తింపు పరేడ్ అంటే అంతరిక్ష పరిశోధన కాదు. జేబు దొంగతనం కేసుల్లో కూడా పెడతారు. నిందితుణ్ని అతని పోలికలున్న మరికొందరితో వరసలో నిలబెట్టి, మేజిస్ట్రేటు ముందు సాక్షిని ‘ఇతనేనా’ అని అడగడం. పైగా ఇక్కడ ముక్కూ మొహం తెలియని మూక కాదు. ఏ దళం ఏ తెల్లవారుజామున ఏ కొండెక్కిందో, అందులో ఎవరెవరున్నారో సర్కారు దస్తావేజుల్లోనే ఉంటుంది. 21 మంది. అంత చిన్న జాబితా ఉన్న కేసు ప్రపంచంలో ఏ యుద్ధ నేరాల ప్రాసిక్యూటర్‌కు దొరికినా చాలా తేలికైనదనుకుంటాడు. ఆ మామూలు పని జరగలేదు. పదిహేనేళ్లు గడిచాక మన దగ్గర మిగిలిన వాక్యం: ‘రుజువు కాలేదు.’

మన తెలుగు రాష్ట్రాల్లోనే, 2019 డిసెంబర్‌లో అత్యాచారం, హత్య జరిగిన దిశ కేసు నిందితులు నలుగుర్ని చటాన్‌పల్లి దగ్గర కాల్చేసినప్పుడు పోలీసుల మీద పూలు చల్లారు. సాక్ష్యమేదని ఆ పూట అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కకొస్తారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో చెప్పింది. లారీ పనివాళ్లు నిందితులైతే రుజువు అక్కర్లేదు, యూనిఫాం మీద ఫిర్యాదొస్తే మాత్రం రుజువు అసాధ్యం. ఈ రెండు నమ్మకాలూ ఒకే బుర్రలో హాయిగా కాపురం చేస్తున్నాయి.

వాకపల్లి లాంటి స్త్రీలే గెలిచిన కేసు ఒకటి చెబుతాను. గ్వాటెమాలాలో పోలోచిక్ లోయ, సెపుర్ సార్కో అనే చోటు. కెక్చీ మూలవాసులు తాము సాగు చేసుకుంటున్న భూమికి పట్టాలు అడిగారు. 1982లో సైన్యం ఆ మగవాళ్లను ఎత్తుకుపోయింది. మగదిక్కు లేని భార్యలను సైనిక శిబిరానికి వంతులేసి పిలిపించుకుంది. బట్టలుతకాలి, వంట చేయాలి, సైనికుల చేతుల్లో నలగాలి. ఏళ్ల తరబడి. స్పానిష్ రాని ముసలివాళ్లు, చేతిలో కాగితం లేదు, ముప్పై ఏళ్లు దాటిపోయాయి. మన టీవీ పెద్దల లెక్కన ఈ కేసు పుట్టకూడదు.

న్యాయవాదులు, మహిళా సంఘాలు ఏం చేశాయంటే: విచారణకు చాలా ముందే, 2012లో, జడ్జి ఎదుట ఆ స్త్రీల సాక్ష్యాలు వీడియో తీయించాయి. వయసు మీద పడినవాళ్లు, కేసు తేలేదాకా ఎంతమంది ఉంటారో చెప్పలేం. పూడ్చిన చోట్లు తవ్వించి ఎముకలు తీయించాయి. ఆ అట్టపెట్టెలను 2016 ఫిబ్రవరిలో కోర్టు హాల్లోనే తెరిచారు. భూమి తగాదాల చరిత్ర తెలిసినవాళ్లు, సైనిక అధికార శ్రేణి తెలిసిన నిపుణులు, మానవ శాస్త్రజ్ఞులు వరసగా వచ్చి సాక్ష్యమిచ్చారు. ఆ స్త్రీలు మొహాలు కనబడకుండా రంగురంగుల శాలువలు తల మీదుగా కప్పుకుని, దుబాసీ సాయంతో వింటూ కూర్చున్నారు. ఫిబ్రవరి 26న తీర్పు. శిబిరం అధికారికి 120 ఏళ్లు, అతనికి తోడు నిలిచిన సైనిక కమిషనర్‌కు 240 ఏళ్లు. ఈ అంకెలు విని నవ్వొస్తుంది గానీ, లెక్క కచ్చితమైనది: ఇద్దరికీ లైంగిక నేరాలకు 30 ఏళ్లు, ఆపైన మొదటివాడికి మూడు హత్యలకు, రెండోవాడికి మాయమైన ఏడుగురు భర్తలకు, ఒక్కొక్క ప్రాణానికి మరో 30 చొప్పున.

కోర్టు ఆమెను మళ్లీ చంపుతుంది కదా, వదిలేయడమే దయ కాదా అని అడిగే సున్నిత హృదయులున్నారు. వాళ్ల బాధలో నిజముంది. క్రాస్ ఎగ్జామినేషన్ పేరుతో జరిగే హింస చూసినవాళ్లెవరూ కాదనరు. దానికి మందు కూడా పనితనంలోనే ఉంది. కాంగోలోని కవుము గ్రామంలో పదుల సంఖ్యలో పసిపిల్లలను రాత్రిపూట ఎత్తుకెళ్లి చెరిచిన కేసులో, పాన్జీ ఆసుపత్రి వైద్యుల రికార్డులు, ముందే వీడియో తీసిన పిల్లల మాటలు చాలావరకు భారం మోశాయి. చాలాకాలం వేర్వేరు చిల్లర కేసులుగా పడి ఉన్నవాటిని ఒకచోట కూర్చాకే వాటి వెనుక ఉన్న ముఠా కనబడింది. 2017 డిసెంబర్‌లో సైనిక కోర్టు ఒక ప్రాంతీయ శాసనసభ్యుడితో సహా 11 మందికి యావజ్జీవం వేసింది. కాంగో మనకంటే ధనిక దేశం కాదు.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పునాది అయిన రోమ్ శాసనం మనకు వర్తించదు, భారత్ అందులో చేరలేదు. కాబట్టి ఏం చేసినా మన చట్టాలతోనే చేయాలి. అవి మరీ అంత దిక్కులేనివి కావు. 2013 సవరణతో, మోహరించిన ప్రాంతంలో సాయుధ బలగాల సభ్యుడు చేసే అత్యాచారం ప్రత్యేక నేరమైంది. లైంగిక నేరాల్లో ప్రభుత్వోద్యోగిని విచారించడానికి సర్కారు ముందస్తు అనుమతి అక్కర్లేదని కూడా అదే సవరణ చెప్పింది. సైనికుల విషయంలోనూ ఆ అనుమతి తీసేయాలని జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలో గట్టిగా కోరింది. దాన్ని మాత్రం ప్రభుత్వం పక్కన పెట్టేసింది. సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టంలో ఆ తాళం అలాగే ఉంది. 2001 నుంచి 2016 దాకా జమ్మూ కశ్మీర్ నుంచి, అన్ని రకాల నేరాలూ కలిపి, విచారణ అనుమతి కోసం 50 అభ్యర్థనలొస్తే 47 తిరస్కరించామని, 3 పెండింగులో ఉన్నాయని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ఈ 50లో ఏ ఒక్కటీ సాక్ష్యం తూచేదాకా వెళ్లలేదు. వాకపల్లికి ఆ ప్రత్యేక చట్టం కూడా అడ్డం లేదు. గ్రేహౌండ్స్ రాష్ట్ర పోలీసులు, మామూలు చట్టం కిందికి వచ్చేవాళ్లు. కాబట్టి గుర్తింపు పరేడ్ ఎందుకు పెట్టలేదన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఢిల్లీ కాదు, మన రాష్ట్ర హోంశాఖ.